14 డిగ్రీల దగ్గర ఒక పీక్: మాంగనీస్ ఆక్సైడ్‌లో స్పిన్‌లు ఎటు చూస్తున్నాయి?

న్యూట్రాన్ డిఫ్రాక్షన్ అంటే న్యూట్రాన్‌లని పదార్థం మీదికి పంపి, అవి ఏ కోణాల్లో ఎక్కువగా చెదిరి వస్తున్నాయో (ఆ చోట్లే పీక్‌లు) చూసి లోపలి అమరిక కనిపెట్టడం. అది నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి నేను మొదట మాంగనీస్ ఆక్సైడే ఇస్తాను. సంగీతంలో సరళీ స్వరాల్లాంటిది. ఒక మాంగనీస్‌కి ఒక ఆక్సిజన్, ఉప్పు స్ఫటికంలాంటి సాదా క్యూబిక్ నిర్మాణం. పైగా దాని స్పిన్‌లు, అంటే మాంగనీస్ పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలు, ఎటు చూస్తున్నాయన్నది ఎప్పుడో జవాబు తెలిసిన లెక్క. ఆ జవాబుకి ఎవరి సాయం లేకుండా చేరుకోగలిగితే, తర్వాత ఏ కొత్త శాంపిల్ చేతికొచ్చినా కంగారు ఉండదని నా నమ్మకం. మొన్న ఒక పీహెచ్‌డీ కుర్రాడితో ఇదే లెక్క చేయిస్తుంటే, ఆ సరళీ స్వరాలే మాకు చెమటలు పట్టించాయి. ఎక్కడెక్కడ తప్పటడుగు వేశామో, ఎలా సర్దుకున్నామో వరసగా రాస్తున్నాను.

ముందు శాంపిల్ సంగతి. మాంగనీస్ కార్బనేట్‌ని ఆర్గాన్-హైడ్రోజన్ గ్యాస్‌లో కాల్చి తయారు చేశాడు. మంచి మాంగనీస్ ఆక్సైడ్ గోరింటాకు పొడి రంగులో ఉంటుంది. ఆ పొడిలో చిటికెడు కాఫీ పొడి కలిపినట్టు కనిపించిందంటే గాలి తగిలి పాడైందని అర్థం. అక్కడక్కడ హాస్‌మనైట్ అనే మరో ఆక్సైడ్ పుడుతుంది, మూడు మాంగనీస్‌లకి నాలుగు ఆక్సిజన్‌లు ఉండేది. మా పొడి పచ్చగానే ఉంది. ఎక్స్‌రేలో కూడా మాంగనీస్ ఆక్సైడ్ పీక్‌లు తప్ప ఇంకేమీ లేవు. జాలకం (స్ఫటికంలో పదే పదే పునరావృతమయ్యే పెట్టె) అంచు 4.44 ఆంగ్‌స్ట్రామ్‌లు. బాగుంది అనుకుని, ఆరు గ్రాములు వెనేడియం డబ్బాలో నింపుకుని రియాక్టర్‌కి బయల్దేరాం.

వెనేడియమే ఎందుకు అని అడిగాడు. న్యూట్రాన్‌లకి వెనేడియం దాదాపు గాజులాంటిది. దాని నుంచి బ్రాగ్ పీక్‌లు (పరమాణువుల తలాల నుంచి వచ్చే పదునైన పీక్‌లు) కనిపించీ కనిపించనట్టు వస్తాయి, కాబట్టి డబ్బా గొంతు శాంపిల్ గొంతులో కలవదు.

ఎక్స్‌రే చేసిన చేత్తోనే న్యూట్రాన్‌లు ఎందుకు కావాలో కూడా చెప్పాలి. బడిలో ప్రార్థనకి పిల్లలు వరసల్లో నిలబడ్డారనుకోండి. మొదటి వరస తూర్పుకి, రెండో వరస పడమరకి, మూడోది మళ్లీ తూర్పుకి ముఖం పెట్టి ఉన్నారు. మామూలు ఎక్స్‌రే యంత్రం పైనుంచి తలలు లెక్కపెడుతుంది. దానికి అన్ని వరసలూ ఒకటే. న్యూట్రాన్‌కి ముఖం ఎటుందో కూడా తెలుస్తుంది, ఎందుకంటే దానికి చార్జ్ లేకపోయినా సొంత అయస్కాంత భ్రామకం (అయస్కాంత బలం, దానికో దిశ) ఉంది. ముఖాలు చూసేవాడి లెక్కలో అమరిక రెండేసి వరసలకి ఒకసారి పునరావృతమవుతుంది. అంటే జాలకం రెట్టింపయినట్టు. రెట్టింపు దూరం అంటే డిఫ్రాక్షన్‌లో చిన్న కోణం. మొదటి న్యూక్లియర్ పీక్ కంటే ముందు, ఏమీ ఉండకూడని చోట కొత్త పీక్ లేస్తుంది.

ఓక్ రిడ్జ్ గ్రాఫైట్ రియాక్టర్ దగ్గర క్లిఫర్డ్ షల్, శామ్యూల్ స్మార్ట్ 1949లో చూసింది సరిగ్గా ఇదే. 300 కెల్విన్‌లో (గది ఉష్ణోగ్రతలో) లేని పీక్‌లు 80 కెల్విన్‌లో లేచాయి. పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకునే పదార్థాలుంటాయని లూయీ నీల్ 1930లలో చెప్పాడు. కానీ బయటికి అయస్కాంతత్వం చూపించని అయస్కాంతాన్ని ఎలా పట్టుకోవడం? ఎదురెదురు వరసల్ని నేరుగా చూపించిన మొదటి సాక్ష్యం ఈ గోరింటాకు పొడిదే. నీల్‌కి 1970లో నోబెల్ వచ్చింది. షల్‌కి 1994లో, బెర్ట్రామ్ బ్రాక్‌హౌస్‌తో కలిపి. షల్‌తో మొదటి నుంచీ పనిచేసిన ఎర్నెస్ట్ వోలాన్ అప్పటికి లేడు, 1984లోనే పోయాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు అక్కడ కాస్త కష్టంగానే ఉంటుంది.

మన దగ్గర ఈ పనికి ట్రాంబేలోని ధ్రువ రియాక్టరే ప్రధాన ఆధారం. 100 మెగావాట్లది, 1985లో మొదలైంది. ఎక్స్‌రే యంత్రమైతే డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి పెట్టుకోవచ్చు. న్యూట్రాన్‌ల కోసం ప్రపోజల్ రాసి వంతు కోసం ఆగాలి. వంతు వచ్చాక ప్రతి గంటా లెక్కే.

ఇక కేసులోకి.

మొదటి స్కాన్ గది ఉష్ణోగ్రతలో. తరంగదైర్ఘ్యం 1.25 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సెకనుకి మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వచ్చే న్యూట్రాన్‌లు. గంట గడిచేసరికి కుర్రాడి ముఖం మాడిపోయింది. "సార్, (200) పీక్ కనిపించట్లేదు. ఎక్స్‌రేలో అదే అన్నిటికంటే పెద్దది కదా. శాంపిల్ మారిపోయిందా?"

మారలేదు. (బ్రాకెట్‌లోని అంకెలు, స్ఫటికంలో ఏ సమాంతర తలాల దొంతర నుంచి ఆ పీక్ వచ్చిందో చెప్పే గుర్తులు.) ఎక్స్‌రేల్లా న్యూట్రాన్‌లు ఎలక్ట్రాన్‌ల సంఖ్యని పట్టించుకోవు. ఆక్సిజన్ స్కాటరింగ్ లెంగ్త్ (న్యూక్లియస్ న్యూట్రాన్‌ని ఎంత గట్టిగా చెదరగొడుతుందో చెప్పే కొలత) ప్లస్ 5.80 ఫెమ్టోమీటర్లు, మాంగనీస్‌ది మైనస్ 3.73. గుర్తు చూడండి, మైనస్. ఈ నిర్మాణంలో (200) లాంటి సరిసంఖ్యల పీక్‌లకి రెండూ కలుస్తాయి, చేతికి మిగిలేది 2.07. (111) లాంటి బేసి పీక్‌లకి ఒకటి రెండోదాంట్లోంచి పోతుంది. కానీ మైనస్‌లో మైనస్ పోవడంతో 9.53 అయి కూర్చుంటుంది. తీవ్రత దీని వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి దీనివల్లే ఇరవై రెట్ల తేడా. ఎక్స్‌రేలో రాజు ఇక్కడ బంటు. 28.2 డిగ్రీల దగ్గర (111) ఏనుగులా నిలబడి ఉంది. ఆ సంగతి చెప్పాక కుదుటపడ్డాడు.

రాత్రి స్కాన్‌ని అలాగే వదిలేశాం. పొద్దున వచ్చి చూస్తే అసలు పేచీ కనిపించింది. 14 డిగ్రీల దగ్గర చిన్న పీక్. (111)లో వందో వంతు కూడా లేదు, కానీ ఎర్రర్ బార్‌లని దాటి స్పష్టంగా ఉంది. 14 డిగ్రీలు అంటే సరిగ్గా (½ ½ ½) స్థానం, స్పిన్ వరసలు రెట్టింపయితే రావాల్సిన చోటు. స్పిన్‌లు సర్దుకోవాల్సింది 118 కెల్విన్ దిగువన. మేం ఉన్నది 300లో.

"గది ఉష్ణోగ్రతలోనే ఆర్డర్ ఉంది సార్!" అన్నాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. ఆ వయసులో నేనూ అలాగే అని ఉండేవాణ్ణి. నిజానికి అన్నాను కూడా, వేరే శాంపిల్ మీద, ఒక సెమినార్‌లో అందరి ముందూ. అది ఇప్పుడొద్దులెండి.

మొదటి అనుమానం హాస్‌మనైట్ మీద. దాని (101) పీక్ ఈ తరంగదైర్ఘ్యంలో 14.6 డిగ్రీల దగ్గర వస్తుంది. మా పీక్ 14.0 దగ్గర ఉంది. చిన్న కోణాల దగ్గర మా డిఫ్రాక్టోమీటర్ రిజల్యూషన్ అంత గొప్పది కాదు కాబట్టి కోణం ఒక్కటే చూసి కొట్టిపారేయలేం. కానీ హాస్‌మనైట్ ఉంటే 26, 29 డిగ్రీల దగ్గర కూడా దాని జాడ ఉండాలి. లేదు. పైగా పొడి రంగు మారలేదు. ఆ అనుమానం అక్కడికి సరి. (దీని గురించి ఒక హెచ్చరిక మాత్రం: హాస్‌మనైట్ 42 కెల్విన్ దగ్గర ఫెర్రిమాగ్నెట్ (ఎదురెదురు స్పిన్‌లు పూర్తిగా రద్దుకాక కొంత అయస్కాంతత్వం మిగిలేది) అవుతుంది. మాంగనీస్ ఉన్న ఏ శాంపిల్‌లోనైనా ఆ ఉష్ణోగ్రతలో కొత్త ట్రాన్సిషన్ కనిపించిందని ఎవరైనా సంబరపడుతుంటే, ముందు మలినం చూడమని చెబుతాను.)

రెండో అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది, కానీ కుర్రాడు తనే కనిపెట్టాలని ఊరుకున్నాను. మోనోక్రోమేటర్ స్ఫటికం 1.25 ఆంగ్‌స్ట్రామ్‌ల న్యూట్రాన్‌లని వేరుచేసి పంపిస్తుంది. అదే స్ఫటికం అదే కోణంలో సగం తరంగదైర్ఘ్యాన్ని, అంటే 0.625ని కూడా కొద్దిగా వదులుతుంది. పాలల్లో నీళ్లలాగా. ఈ సగం తరంగదైర్ఘ్యపు న్యూట్రాన్‌లు (111) తలాల మీద పడితే ఎక్కడ డిఫ్రాక్ట్ అవుతాయి? సగం తరంగదైర్ఘ్యం, సాధారణ దూరం. పూర్తి తరంగదైర్ఘ్యం, రెట్టింపు దూరం. తరంగదైర్ఘ్యాన్ని, తలాల దూరాన్ని, కోణాన్ని కలిపే బ్రాగ్ సూత్రానికి ఈ రెండూ ఒకటే. (½ ½ ½) అయస్కాంత పీక్, (111) దొంగ పీక్ ఒకే కుర్చీలో కూర్చుంటాయి. మాంగనీస్ ఆక్సైడ్‌లో (111) ఏనుగంత ఉండటంతో దొంగ కూడా కంటికి కనిపించేంత లావుగా ఉన్నాడు.

సిలికాన్, జెర్మేనియం స్ఫటికాల్లో కొన్ని తలాలు వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. సిలికాన్‌లో (111) వాడితే సగం తరంగదైర్ఘ్యం (222) నుంచి రావాలి, ఆ నిర్మాణంలో (222)కి అనుమతి లేదు. మాది రాగి స్ఫటికం. రాగికి అలాంటి పట్టింపులేమీ లేవు.

రుజువు ఎలా? కుర్రాడే చెప్పాడు, సంతోషమేసింది. "అయస్కాంతత్వమే లేని శాంపిల్ పెట్టి చూద్దాం సార్." సిలికాన్ పౌడర్ పెట్టాం. సిలికాన్ మొదటి పీక్ 23 డిగ్రీల దగ్గర. అంతకుముందు ఏమీ ఉండకూడదు. కానీ 11.4 దగ్గర, 18.7 దగ్గర చిన్న చిన్న పీక్‌లు లేచాయి. (111), (220)ల సగం తరంగదైర్ఘ్యపు స్థానాలు ఇవే. సిలికాన్‌లో స్పిన్‌ల వరసలు ఎక్కడివి? దొంగ దొరికాడు.

ఇక్కడితో ఆ పీక్ మొత్తం అబద్ధం అనేసి ఉంటే మేమూ తప్పే చేసి ఉండేవాళ్లం. దొంగ పీక్ ఎత్తు సిలికాన్ డేటాతో లెక్కగట్టి తీసేశాక, ఆ చోట ఇంకా ఏదో మిగిలింది. సన్నటి పీక్ కాదు, వెడల్పాటి దిబ్బ. 300 కెల్విన్‌లో స్పిన్‌లు చెల్లాచెదురుగా ఉన్నా, పక్కింటివాళ్ల ముఖం ఎటుందో కాస్త పట్టించుకుంటాయి. వీధి చివరివాళ్లది పట్టించుకోవు. ఆ స్వల్పదూరపు క్రమం తాలూకు దిబ్బ అది. షల్ బృందం అప్పట్లోనే దీన్ని గమనించింది. అంటే కుర్రాడు అన్నదాంట్లో సగం నిజం ఉంది, కానీ ఆ సగం నిజం అతను వేలు పెట్టి చూపించిన పీక్‌లో లేదు, దాని కింద ఉంది.

తర్వాత చల్లబరచడం మొదలుపెట్టాం. ఈ తప్పు పూర్తిగా నాది.

ఉష్ణోగ్రతని మెల్లగా దించుతూ 14 డిగ్రీల చుట్టూ మాత్రమే కొలుస్తున్నాం. సెన్సార్ 118 చూపించింది, ఏమీ కాలేదు. 115, ఏమీ లేదు. 108కి వచ్చాక పీక్ ఒక్కసారిగా లేచింది. వేడిచేస్తూ వెనక్కి వస్తే 127 దాకా పోలేదు. దాదాపు ఇరవై డిగ్రీల హిస్టరిసిస్ (చల్లబరిచేటప్పుడు ఒకచోట, వేడిచేసేటప్పుడు ఇంకోచోట మార్పు రావడం)! మాంగనీస్ ఆక్సైడ్‌లో ఈ మార్పు ఫస్ట్ ఆర్డర్ (మెల్లగా కాక ఒక్కసారిగా వచ్చేది) అని పుస్తకాల్లోనే ఉంది, అలాంటి మార్పుల్లో హిస్టరిసిస్ ఉండొచ్చు. అందుకే ఇది మరీ ప్రమాదకరమైన తప్పు. నమ్మడానికి వీలుగా ఉంది.

అనుమానం తీర్చింది (111) పీకే. స్పిన్‌లు సర్దుకున్నప్పుడు జాలకం కూడా, క్యూబ్ ఒక మూల నుంచి ఎదురు మూలకి వెళ్లే [111] దిశలో కొద్దిగా కుంచించుకుపోయి, 90 డిగ్రీల మూల 90.6 అవుతుంది. (111) పీక్ రెండుగా చీలడం మొదలుపెడుతుంది. స్పిన్ పీక్, ఈ చీలిక కలిసే వచ్చాయి, కలిసే పోయాయి. అక్కడిదాకా తేడా లేదు. కానీ 127కి కాస్త పైన ఒకే రీడింగ్ దగ్గర, చల్లబరిచేటప్పుడు ఒక జాలక దూరం, వేడిచేసేటప్పుడు ఇంకొకటి. మార్పు రాకముందు జాలకానికి రెండు మనసులు ఉండవు. అంటే సెన్సార్ ఒకచోట, శాంపిల్ ఇంకోచోట ఉన్నాయి.

క్రయోస్టాట్ తెరిచి డబ్బా బయటికి తీస్తే తెలిసింది. మూతకి సీల్‌గా పెట్టిన ఇండియం తీగ ఒక పక్క సరిగా నొక్కుకోలేదు. లోపల నింపిన హీలియం కారిపోయింది. వాక్యూమ్‌లో ఉన్న పొడి చల్లబడటమంటే థర్మాస్ ఫ్లాస్కులో కాఫీ చల్లారడం కోసం ఎదురుచూడటమే. ఆ బోల్టులు బిగించింది నేనే. కొత్త ఇండియం తీగ పెట్టి, బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, హీలియం నింపి, ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా అరగంట ఆగి మళ్లీ కొలిచాం. రెండు వైపుల నుంచీ 118 దగ్గరే, ఒకటి రెండు డిగ్రీల తేడాతో. పోయింది ఒక రాత్రి బీమ్ సమయం.

10 కెల్విన్‌లో పూర్తి స్కాన్ వచ్చాక అసలు పని. 14.2 డిగ్రీల దగ్గర పీక్ (111)ని దాటి ఎదిగింది. దొంగ పీక్ దాని అడుగున పిసరంత. స్పిన్‌లు ఎలా ఉన్నాయో చెప్పాలంటే ఈ ఎత్తుల్ని లెక్కతో పోల్చాలి. ఫుల్‌ప్రోఫ్ సాఫ్ట్‌వేర్ ఈ పనంతా చేసిపెడుతుంది. నేను మాత్రం ముందు కాగితం మీద చేయమంటాను. ఫిట్ బాగా కుదిరిందని మురిసిపోయేవాళ్లకి ఏ పీక్ ఏం చెప్పిందో తెలియకపోవడం చాలాసార్లు చూశాను.

కాగితం లెక్క ఇలా ఉంటుంది. ఒక బోర్ మాగ్నెటాన్ (పరమాణువుల అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) భ్రామకం 2.695 ఫెమ్టోమీటర్ల స్కాటరింగ్ ఇస్తుంది. మాంగనీస్ ప్లస్ టూ అయాన్‌లో ఐదు ఒంటరి ఎలక్ట్రాన్‌లు, గరిష్ఠంగా ఐదు మాగ్నెటాన్లు. అంటే 13.5 ఫెమ్టోమీటర్లు, మాంగనీస్ న్యూక్లియస్ సొంత గొంతు కంటే మూడున్నర రెట్లు పెద్దది. అయితే ఎలక్ట్రాన్ మేఘానికి వైశాల్యం ఉంది కాబట్టి కోణం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. మొదటి పీక్ దగ్గర 90 శాతం మిగులుతుంది, 27 డిగ్రీల దగ్గరి రెండో అయస్కాంత పీక్‌కి వచ్చేసరికి 70 శాతం లోపే.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకోటుంది. స్కాటరింగ్ దిశకి లంబంగా ఉన్న స్పిన్ భాగాన్నే న్యూట్రాన్ చూస్తుంది. (½ ½ ½) పీక్‌కి ఆ దిశ [111]. స్పిన్‌లు [111] వెంట నిలబడి ఉంటే ఈ పీక్ అసలు ఉండకూడదు. ఐరన్ మోనాక్సైడ్‌లో అదే జరుగుతుంది, అక్కడ స్పిన్‌లు [111] వెంట ఉంటాయి. మనకి అదే అన్నిటికంటే పెద్ద పీక్. కాబట్టి స్పిన్‌లు ఆ దిశలో లేవు. ఒక్క పీక్ ఉండటంతోనే ఒక నిర్మాణం మొత్తం కొట్టుకుపోయింది.

మిగిలినవి రెండు. క్యూబ్ అంచుల వెంటా, లేక [111]కి లంబంగా ఉండే (111) తలంలోనే పడుకుని ఉన్నాయా? ఐదు మాగ్నెటాన్లు పూర్తిగా పెట్టి లెక్కేస్తే, మొదటి అయస్కాంత పీక్‌కీ (111)కీ నిష్పత్తి అంచుల వెంటైతే 1.04, తలంలోనైతే 1.56. మాకు వచ్చింది 1.3 దగ్గర. కుర్రాడు బుర్ర గోక్కున్నాడు, రెంటికీ మధ్యలో ఉందని. కానీ ఐదు అనేది గరిష్ఠం. భ్రామకం తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండదు. 1.04 నుంచి పైకి వెళ్లడానికి దారి లేదు, 1.56 నుంచి కిందికి రావడానికి ఉంది. తలంలో పెడితే భ్రామకం 4.6 దగ్గర తేలుతుంది.

ఒక్క నిష్పత్తిని నమ్మి కూర్చోకుండా రెండో పీక్‌ని కూడా అడిగాం. రెండో అయస్కాంత పీక్ మొదటిదాంట్లో ఎంత ఉండాలి? అంచుల వెంటైతే సగం, తలంలోనైతే పావు. ఈ పోలికలో భ్రామకం ఎంతన్నది రద్దయిపోతుంది, దిశ ఒక్కటే మిగులుతుంది, అందుకే నాకు ఇదంటే ఇష్టం. పక్కనే (111) ఏనుగు ఉండటంతో దాని పాదం దగ్గరి కౌంట్‌లు విడదీయడానికి కాస్త శ్రమపడాల్సి వచ్చింది. వచ్చింది పావు వంతే.

మొదట షల్ బృందం స్పిన్‌లు క్యూబ్ అంచుల వెంట ఉన్నాయనుకుంది. 1958లో రాత్ దాన్ని సరిదిద్ది, అవి (111) తలంలో ఉన్నాయని చూపించాడు. కుర్రాడికి ఈ సంగతి ముందు చెప్పలేదు. పావు వంతు వచ్చాక చెప్పాను.

గ్రూప్ థియరీ (సౌష్ఠవాల గణితం) కూడా ఇదే మాట అంటుంది. ఈ జాలకంలో (½ ½ ½) అలకి ఒకే ఇర్రెప్రజెంటేషన్‌తో (సౌష్ఠవం అనుమతించే ఒకే విడి నమూనాతో) కుదిరే అమరికలు రెండే రకాలు: స్పిన్‌లు [111] వెంట, లేదా దానికి లంబంగా. అంచుల వెంట అంటే రెండింటి మిశ్రమం. ఫుల్‌ప్రోఫ్ ఫిట్‌లో రెండో రకం ఒక్కటే పెడితే చాలింది.

తలంలోనే అయితే, ఆ తలంలో ఎటు? పౌడర్ డేటా ఇక్కడ నోరు విప్పదు. గింజలన్నీ అన్ని దిక్కులా పడి ఉండటంతో, తలంలోపలి దిశ మారినా బ్రాగ్ పీక్‌ల ఎత్తులు మారవు. ఇలాంటి నిర్మాణాల్లో పౌడర్ నుంచి తెలిసేది ప్రధాన అక్షంతో స్పిన్ చేసే కోణం ఒక్కటేనని జెన్ షిరానే 1959లోనే రాశాడు. ఫుల్‌ప్రోఫ్‌లో స్పిన్‌ని తలంలో ఎటు తిప్పినా ఫిట్ నాణ్యత మారదు. కుర్రాడు నమ్మక, పదేసి డిగ్రీలు తిప్పుతూ రాత్రంతా చూశాడు. పొద్దున ముప్పై ఆరు అంకెలు వరసగా రాసిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అన్నీ ఒకటే.

2006లో గుడ్విన్, ఆయన సహచరులు ఆ దిశని వెతికిన దారి వేరు. బ్రాగ్ పీక్‌లతో ఆగకుండా, వాటి మధ్యలో మనం బ్యాక్‌గ్రౌండ్ అని తీసి పారేసే డిఫ్యూజ్ స్కాటరింగ్‌ని కూడా కలిపి రివర్స్ మాంటీ కార్లో పద్ధతిలో (నమూనాని యాదృచ్ఛికంగా కదుపుతూ డేటాకి సరిపోయేదాకా సర్దే పద్ధతి) విశ్లేషించారు. దానికి మా 1.25 ఆంగ్‌స్ట్రామ్‌ల డేటా సరిపోదు, ఇంకా చాలా పెద్ద కోణాల దాకా, చిన్న తరంగదైర్ఘ్యాలతో కొలవాలి. కుర్రాడు ఆ ప్రపోజల్ రాస్తున్నాడు. ఈసారి మోనోక్రోమేటర్ ఏ స్ఫటికమో మొదటి పేజీలోనే అడిగాడు.